మృదంగం వాయిస్తూ ప్రొఫెసర్, కంపోజర్ అవ్వడం కుదిరే పనేనా? (తిరుచ్చి శంకరన్ గారి గురించి తెలిసినవాళ్ళు చెప్పండి)

గుణదల_అన్నయ్య:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపికున్నవాళ్ళే చదవండి.

మా తమ్ముడు బీటెక్ మూడో సంవత్సరం. ఏడో ఏట నుంచి మృదంగం నేర్చుకుంటున్నాడు. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చి భోజనాల దగ్గర "ప్లేస్‌మెంట్స్‌కి కూర్చోను, మృదంగంతోనే బతుకుతా" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. టీవీ సౌండ్ పెంచారు, అంతే. మా ఇంట్లో అది పెద్ద గొడవ కిందే లెక్క.

తర్వాత వాడు నాకో వీడియో పంపాడు. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన మృదంగం వాయిస్తున్నారు, చుట్టూ తెల్లవాళ్ళు బోర్లించిన కంచు గిన్నెల్లాంటివి పెట్టుకుని కర్రలతో కొడుతున్నారు. ఆయన పేరు తిరుచ్చి శంకరన్ అట, కెనడాలో ప్రొఫెసర్ అట, కంపోజర్ కూడానట. "ఈయన చేసింది నేనెందుకు చెయ్యలేను" అని తమ్ముడి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. నాకు తాళం వెయ్యడం కూడా రాదు, పెళ్ళిళ్ళలో చప్పట్లు కొట్టినా తప్పే కొడతాను.

నా సందేహాలు రెండు. ఆయనకి ఆ ఉద్యోగం అసలెలా వచ్చింది? మృదంగం అంటే పక్కవాద్యం కదా, పాడేవాళ్ళ వెనక వాయించేది, మరి కంపోజర్ అంటే ఏం కంపోజ్ చేశారు? ఎవరో రాసిన కీర్తనకి దరువు వెయ్యడాన్ని కంపోజింగ్ అంటారా? తప్పుగా అడిగితే క్షమించండి, నిజంగా తెలియకే అడుగుతున్నా.

మిస్సిసాగా_మంచు:

మొదటి ప్రశ్నకి నేను చెప్తాను, రెండోదానికి ఇక్కడ నాకంటే బాగా తెలిసినవాళ్ళున్నారు. నేను టొరంటో పక్కనే ఉంటాను, ఇరవై ఏళ్ళుగా. ఎనిమిదో తరగతిలో ఆపేసిన మృదంగం ఇక్కడికొచ్చాక మళ్ళీ పట్టుకున్నాను, కాబట్టి శంకరన్ గారి కచేరీ ఉందంటే వదిలేవాణ్ణి కాదు.

ఆయన పుట్టింది 1942లో, తిరుచ్చి దగ్గర పూవలూరు. గురువు పళని సుబ్రమణ్య పిళ్ళై. ఆ కాలంలో పాల్ఘాట్ మణి అయ్యర్‌తో సమానంగా చెప్పుకున్న పేరు. శంకరన్ 13 ఏళ్ళకే గురువు పక్కన కూర్చుని ఆలత్తూర్ బ్రదర్స్ గాత్ర కచేరీకి వాయించారు. ఇరవై ఏళ్ళు నిండకముందే, 1962లో, గురువు పోయారు. అప్పటినుంచి మద్రాసులో పెద్ద పెద్ద వాళ్ళందరికీ వాయించుకుంటూ వచ్చారు. అంటే మీ తమ్ముడికి ముందు చెప్పాల్సింది ఇది: ఆయన యూనివర్సిటీకి వెళ్ళి విద్వాంసుడు అవ్వలేదు, విద్వాంసుడయ్యాకే యూనివర్సిటీ పిలిచింది.

పిలిచిన కథ ఇంకా బావుంటుంది. జాన్ హిగ్గిన్స్ అని ఒక అమెరికన్, మనవాళ్ళు హిగ్గిన్స్ భాగవతార్ అనేవారు. కనెక్టికట్‌లో వెస్లియన్ యూనివర్సిటీలో చదువుకుంటూ కర్ణాటక సంగీతం పట్టుకున్నాడు, మద్రాసు వచ్చి నేర్చుకున్నాడు, కచేరీలు చేశాడు. ఆయన పాడిన "ఎందరో మహానుభావులు" దొరికితే వినండి, తెలుగు పలికిన తీరుకి మనమే సిగ్గుపడాలి (మా పిల్లల తెలుగు సంగతి సరేసరి). ఆ హిగ్గిన్స్ 1971లో టొరంటో యార్క్ యూనివర్సిటీలో భారతీయ సంగీత విభాగం మొదలుపెడుతూ శంకరన్ గారిని రప్పించారు. గాత్రం ఒకరు, లయ ఒకరు. 1978లో హిగ్గిన్స్ తిరిగి వెస్లియన్‌కి వెళ్ళిపోయారు, 1984 డిసెంబర్‌లో కుక్కని తీసుకుని నడుస్తుంటే తాగి బండి నడిపినవాడు గుద్ది చంపేశాడు. శంకరన్ గారు మాత్రం యార్క్‌లోనే ఉండిపోయి నాలుగు దశాబ్దాలకు పైగా పాఠం చెప్పారు. 2011లో మద్రాస్ మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి ఇచ్చింది. సాధారణంగా పాడేవాళ్ళకి వెళ్ళే బిరుదు అది. మృదంగానికి మొదట 1966లో మణి అయ్యర్‌కి ఇచ్చారు, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదంటేనే అర్థమవుతుంది.

ఇంకోటి, ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. ఇక్కడ జనవరిలో హీటర్ వేసుకుని ఇంట్లో కూర్చుంటే గాలిలో తడి ఉండదు. మృదంగం చర్మం బిగుసుకుపోయి శ్రుతి పైకి పోతుంది. తొప్పికి (అంటే ఎడమ మూతకి) పెట్టిన రవ్వ ముద్ద కీర్తన అయ్యేలోపే ఎండి పెచ్చులూడుతుంది, తివాచీ మీద తెల్లటి పొడి. మా ఆవిడ దాన్ని ఉప్మా రాలడం అంటుంది. నాది ఇంట్లో వాయించుకునే సరదా. ఈ చలిలో నలభై ఏళ్ళు కచేరీ స్థాయి వాద్యాన్ని నిలబెట్టుకోవడం ఎంత పనో ఆ పొడి ఊడ్చేటప్పుడల్లా గుర్తొస్తుంది.

సూటిగా_చెప్తా:

అంతా బానే ఉంది కానీ ఆ గిన్నెల వాళ్ళతో కలిసి వాయించేది సంగీతం కాదండీ, ఫ్యూజన్. బయటికి వెళ్ళినవాళ్ళు చివరికి చేసేది అదే. పళని పిళ్ళై గారి శిష్యుడు మద్రాసులోనే ఉండిపోయి ఉంటే ఎంత బావుండేది.

తొప్పి_రవ్వ:

మా ఊరు తెనాలి, ఊళ్ళో పిల్లలకి మృదంగం చెప్తాను, ఇరవై రెండేళ్ళయింది. సూటిగా గారికి తర్వాత చెప్తా. ముందు గుణదల బాబుకి, ఎందుకంటే "దరువు వెయ్యడం" అనే మాట చదివి కాఫీ పక్కన పెట్టాల్సొచ్చింది. కోపం లేదులే, మా బావమరిది కూడా అలాగే అంటాడు.

బాబూ, కీర్తన త్యాగయ్యగారిదే, ఒప్పుకున్నా. కానీ దాని కింద మృదంగం ఏం వాయించాలో ఎవరూ రాసివ్వరు. పల్లవికి ఒక నడక, చరణానికి ఒక నడక, ఎక్కడ ఊరుకోవాలో, ఎక్కడ గుమికి (ఎడమ మూత మీద పలికే గంభీరమైన నాదం) ఇవ్వాలో అంతా వాయించేవాడి బుర్రలోంచి రావాల్సిందే. ఇక తని ఆవర్తనం వచ్చిందంటే పది, పదిహేను నిమిషాలు వేదిక మొత్తం వాడిదే. అందులో మోహరాలు, కోర్వైలు ఉంటాయి. కోర్వై అంటే లెక్క కట్టి అల్లిన జతుల ముక్క, మూడుసార్లు తిరిగి సరిగ్గా సమం మీదకి, అంటే తాళం మొదటి దెబ్బ మీదకి, వచ్చి పడాలి. అది కట్టినవాణ్ణి కంపోజర్ అనకపోతే ఎవర్ని అంటాం?

ఒకటి చేసి చూపిస్తా, స్టీలు కంచం తెచ్చుకో. ఆది తాళం, ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు మాత్రలు, ఎనిమిది నాలుగులు ముప్పై రెండు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఇప్పుడు "తదిగిణతొం" అను. ఐదు మాత్రలు. దాన్ని మూడుసార్లు అని, మధ్యలో రెండేసి మాత్రలు ఊరుకో. ఐదు, రెండు, ఐదు, రెండు, ఐదు, మొత్తం పంతొమ్మిది. ముప్పై రెండులోంచి తీసేస్తే పదమూడు. అంటే పదమూడు మాత్రలు వదిలి, మధ్య వేలు మీద రెండో మాత్రకి ఎత్తుకుంటేనే చివరి తొం అయ్యాక సమం దొరుకుతుంది. ఒక్క మాత్ర ముందెత్తుకున్నా సమం దగ్గర నువ్వొకచోట, తాళం ఒకచోట. ఇందులో తమాషా ఏమిటంటే ఖాళీ ఒకటి పెట్టు, రెండు పెట్టు, మూడు పెట్టు, అది ఎప్పటికీ వేలి మీద మొదలవ్వదు. మూడు ఐదులు పదిహేను, బేసి. రెండు ఖాళీలు కలిపితే ఎప్పుడూ సరి. బేసి సరి కలిస్తే బేసే కదా. ఇది చిన్నపిల్లల పాఠం. దీన్నే విద్వాంసుడు ఐదు, ఆరు, ఏడు చేసి, ఒకసారి తిశ్రంలోకి (మూడేసి లెక్కలోకి) తిప్పి, పాట ఎత్తుగడ సమం మీద కాకుండా అర అక్షరం తర్వాత ఉంటే అక్కడికి తెచ్చి దింపుతాడు. అదీ అప్పటికప్పుడు.

శంకరన్ గారిది పుదుక్కోట బాణీ. మామూండియా పిళ్ళై నుంచి వచ్చిన శాఖ, ఆయనే కంజిరాని కచేరీ వేదిక ఎక్కించారు. ఆ బాణీ వాళ్ళకి లెక్కలంటే ప్రాణం. పళని గారికి దానికి తోడు ఎడమ చేతివాటం కూడా. మృదంగం కుడి మూత సభ వైపు ఉండాలి. ఎడమ చేతివాటం వాడు అలా కూర్చోవాలంటే అవతలి పక్కకి పోవాలి, అప్పుడు వయొలిన్ ఆయన చోటు మారాలి. అందుకని కొందరు ఆయన్ని పిలవడానికి జంకేవారు, చెంబై వైద్యనాథ భాగవతార్ లాంటి గాయకులు పక్కన నిలబడ్డారు. ఆయన తొప్పి మీద గుమికి గురించి మా గురువుగారు చెప్తుంటే మేం నోరు తెరుచుకుని వినేవాళ్ళం.

తొప్పి_రవ్వ:

సూటిగా గారూ, ఇప్పుడు మీ వంతు.

ఆ గిన్నెలు గామెలాన్ అండీ, ఇండోనేషియా వాళ్ళది. ఆయన కలిసి పనిచేసింది టొరంటోలోని ఎవర్‌గ్రీన్ క్లబ్ అనే బృందంతో. ఇష్టం వచ్చినట్టు కలిపి కొట్టేసేది కాదది. గామెలాన్‌లో పెద్ద గాంగ్ ఆవర్తం చివర పడుతుంది, లెక్కంతా దాని వైపు నడుస్తుంది. మనకి సమం మొదటి దెబ్బ, కానీ కోర్వై ఎటు పరిగెత్తుతుంది? సమం వైపే కదా. అంటే వాళ్ళ "చివర", మన "మొదలు" ఒకే చోట కలుస్తాయి. ఈ సంగతి గ్రహించినవాడికి అక్కడ ఒక రచన కట్టడానికి చోటు కనబడుతుంది. పైగా ఆ కంచు వాద్యాల శ్రుతి కచేరీలో మార్చుకునేది కాదు. మనమే రాయీ కర్రా పట్టుకుని మృదంగాన్ని వాళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. సర్దుకుపోవడం కూడా విద్యే.

మనకి కొత్త కాదు కూడాను. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులు, రెండు కాళ్ళు, తలతో ఐదు తాళాలు ఒకేసారి వేసి చూపించారు. అది అప్పటి ఫ్యూజనా? 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. విద్వాంసుడు, రచయిత, కాలేజీలో పాఠం, మూడూ ఒక్క మనిషిలో. మొన్నమొన్నటి దాకా యెల్లా వెంకటేశ్వరరావుగారు తెలుగు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్తూనే తొమ్మిది మృదంగాలు పెట్టుకుని నవమృదంగం చేశారు, 2008లో పద్మశ్రీ వచ్చింది. తమ్ముణ్ణి ముందు వీళ్ళ గురించి చదవమను బాబూ, టొరంటో తర్వాత.

సూటిగా_చెప్తా:

నారాయణదాసుగారిని తెచ్చి అడ్డం పెట్టారు, ఇంకేం మాట్లాడతాను. కానీ వినడానికి నాకు తని ఆవర్తనమే ఇష్టం, అది మారదు.

డెంటన్_దారిలో:

నేను కొంచెం చల్లనీళ్ళు పోస్తాను, తిట్టుకోకండి. డాలస్‌లో ఉంటాను, పర్కషన్‌లో మాస్టర్స్ చేశాను, ప్రస్తుతం హైస్కూల్ పిల్లలకి డ్రమ్స్ చెప్తూ వారాంతాల్లో మన అసోసియేషన్ ప్రోగ్రాములకి సౌండ్ పెడుతున్నాను. (అవును, ఉగాదికి మైక్ కుయ్యిమంటే అందరూ తిరిగి చూసే ఆ మనిషిని నేనే.)

1971 వేరే కాలం. వెస్లియన్‌లో టి. రంగనాథన్ గారు 1963 నుంచే మృదంగం చెప్తున్నారు, తర్వాత రామ్నాడ్ రాఘవన్ గారు వచ్చారు. యూనివర్సిటీలు ప్రపంచ సంగీతం అంటూ కొత్తగా తలుపులు తీస్తున్న రోజులు. కచేరీ అనుభవమే అర్హత. శంకరన్ గారికి డాక్టరేట్ కూడా 1998లో విక్టోరియా యూనివర్సిటీ గౌరవంగా ఇచ్చింది, ఉద్యోగంలో చేరిన పాతికేళ్ళ తర్వాత. ఇప్పుడు డాక్టరేట్ లేకపోతే చాలా చోట్ల అప్లికేషన్ పక్కన పడేస్తారు. ఉన్నా ఎక్కువగా దొరికేవి పార్ట్‌టైమ్ క్లాసులు, కోర్సుకింత అని ఇస్తారు, ఇన్సూరెన్స్ ఉండదు. ఒక కాలేజీలో నన్ను ఇంటర్వ్యూకి పిలిచి మృదంగం పది నిమిషాలు విన్నారు, మరింబా, టింపనీ, స్నేర్ లాంటి పాశ్చాత్య వాద్యాలు గంటసేపు వాయించమన్నారు. నా మరింబా వినుంటే మీరూ ఉద్యోగం ఇవ్వరు.

అయినా దారి మూసుకుపోయిందని అనను. మా పక్కనే డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో పూవలూర్ శ్రీజి గారున్నారు, అదే పూవలూరు. అమెరికాలోనే పెరిగిన రజ్నా స్వామినాథన్ గారిది ఇంకో దారి. ఉమయాళపురం శివరామన్ గారి దగ్గర మృదంగం, తర్వాత హార్వర్డ్‌లో పీహెచ్‌డీ, సొంత బృందానికి సొంత రచనలు, ఇప్పుడు కాలిఫోర్నియాలో ఇర్వైన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. మీ తమ్ముడు నమూనాగా పెట్టుకోవాల్సింది ఈ కాలంవాళ్ళని. శంకరన్ గారిని చూసి నేర్చుకోవాల్సింది వేరేది ఉంది.

అదేంటంటే పాఠం చెప్పడం. నా మాటే చెప్తాను. నాకు మా గురువుగారు ఏదీ వివరించలేదు, "వాయించు" అన్నారు, వాయించాను, తప్పైతే మళ్ళీ అన్నారు. పదేళ్ళు పట్టింది, ఒంట్లోకి పోయింది. ఇక్కడ కాలేజీ క్లాసులో పంతొమ్మిదేళ్ళ ట్రంపెట్ కుర్రాడు కూర్చుంటాడు, తాళం అంటే తెలియదు, మూడు నాలుగు నెలల్లో సెమిస్టర్ అయిపోతుంది, పైగా ప్రతిదానికీ "ఎందుకు" అంటాడు. మొదటిసారి నాకు జవాబు రాలేదు. చేతికి తెలిసింది నోటికి తెలియదని అప్పుడర్థమైంది. ఆ ట్రంపెట్ వాడికి మృదంగం ఇవ్వలేం, కొన్నకోల్ ఇస్తాం, నోటితో జతులు చెప్పడం. వాద్యం అక్కర్లేదు, నోరు, చెయ్యి చాలు. (ఫోన్‌లో కొన్నకోల్ అని కొడితే కొనుగోలు అని దిద్దుతోంది, మూడుసార్లు మార్చాను.) శంకరన్ గారు 1994లో దక్షిణాది మృదంగ లయ సూత్రాల మీద, 2010లో కొన్నకోల్ మీద పుస్తకాలు వేశారు. అలా ఏళ్ళ తరబడి వాద్యం రానివాళ్ళకి చెప్పి చెప్పి ఒంట్లో ఉన్నదాన్ని కాగితం మీద పెట్టగలిగినవాడికి, ఆ లయని గామెలాన్‌కో డ్రమ్స్ బృందానికో రాసివ్వడం పెద్ద దూరం కాదు. నన్నడిగితే ఆయనలోని కంపోజర్ వేదిక మీద ఎంత తయారయ్యాడో ఆ క్లాస్‌రూమ్‌లోనూ అంతే తయారయ్యాడు. ఇది నా అభిప్రాయం, తప్పనేవాళ్ళు అనొచ్చు.

మిస్సిసాగా_మంచు:

తప్పని నేననను, ఒకటి కలుపుతాను. ఊరు కూడా కలిసొచ్చింది. టొరంటో కేంద్రంగా పేరు తెచ్చుకున్న నెక్సస్ అనే పర్కషన్ బృందం మొదలైందీ 1971లోనే. అందులో రసెల్ హార్టెన్‌బర్గర్ వెస్లియన్‌లో రామ్నాడ్ రాఘవన్ గారి దగ్గర మృదంగం నేర్చుకున్నాడు, బాబ్ బెకర్ తబలా నేర్చుకున్నాడు. అంటే శంకరన్ గారికి తన భాష సగం తెలిసిన వాద్యకారులు ఇక్కడ దొరికారు, వాళ్ళతో కలిసి వాయించారు. తెనాలిలో ఉండి గామెలాన్‌కి రాయమంటే తొప్పి_రవ్వ గారు మాత్రం ఏం చేస్తారు?

ఆయన కూతురు సుబా శంకరన్ కూడా ఇక్కడ గాయని, ఆటోరిక్షా అనే బృందం. పేరు చూసి టిక్కెట్ కొన్నాను, బావుంది.

తొప్పి_రవ్వ:

తెనాలిలో పేర్చడానికి గిన్నెలకి లోటు లేదండీ, మాకు ఇత్తడి సామాన్ల కొట్లే కొట్లు.

గుణదల_అన్నయ్య:

అందరికీ చాలా థాంక్స్. తొప్పి_రవ్వ మాస్టారూ, దరువు అన్నందుకు సారీ, ఇంక అనను. డెంటన్ అన్నా, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. ఇన్సూరెన్స్ ఉండదు అన్న దగ్గర "చూశావా" అన్నారు, హార్వర్డ్ దగ్గర టీవీ సౌండ్ తగ్గించారు. ప్రస్తుతానికి బీటెక్ పూర్తిచెయ్యడం, ఆకాశవాణి ఆడిషన్‌కి కూర్చోవడం, అక్కడిదాకా ఇద్దరూ ఒప్పుకున్నారు. ప్లేస్‌మెంట్స్ సంగతి ఇంకా తేలలేదు.

ఇంకో విషయం. మాస్టారు ఇచ్చిన లెక్క వాడికి చూపించాను. రాత్రంతా కంచం మీద కొట్టి మా అమ్మ చేత తిట్లు తిని, పొద్దున్నే వచ్చి మాస్టారి మాట తప్పు అంటున్నాడు. ఖాళీ రెండున్నర మాత్రలు పెడితే రెండు ఖాళీలు కలిపి ఐదు, మొత్తం ఇరవై, పన్నెండు వదిలి సరిగ్గా మధ్య వేలు మీదే ఎత్తుకోవచ్చట. నాకైతే ఏమీ అర్థం కాలేదు, వాడు చెప్పింది చెప్పినట్టు టైప్ చేశాను.

తొప్పి_రవ్వ:

దొరికిపోయాను. ఒకటి, రెండు, మూడు అన్నాను కానీ అర మాత్ర సంగతి తలుచుకోనే లేదు. కరెక్టే, మధ్య వేలు మీదే మొదలవుతుంది. కానీ రెండో తదిగిణతొం పోయి అర మాత్ర మీద పడుతుంది, చెయ్యి అక్కడే తడబడుతుంది, మూడోదానికి మళ్ళీ దారిలోకొస్తుంది. నోటితో చెప్తే సరిపోదు. తాళం వేస్తూ వాయించి రికార్డు చేసి ఇక్కడే పెట్టమను. కంచం మీద కాదు, మృదంగం మీద.